గీతలు పడిన మంచు

ఎల్డన్ ఫ్రీసెన్ టోపీ ఎప్పుడూ ఎడమ చెవి మీదికి జారే ఉంటుంది. మంచు మీద ఆడే హాకీలో పుర్రె చిట్లిన మచ్చ అక్కడే ఉంది. ఆ దెబ్బతో అతని నోటికీ చేతికీ కళ్లెం తెగిపోయింది. ఎదురొచ్చినవాళ్లతో "మీ జుట్టు కోడిగూడులా ఉందండీ" అనేస్తాడు, ఊరు నవ్వేస్తుంది. హాకీ మైదానంలో మంచు నునుపు చేసే బండి తోలడం అతని పని. గీతలు పడిన మంచు కనిపిస్తే ఆగలేడు. మొన్న జనవరిలో, గడ్డకట్టిన చెరువు మీద గీతలకి పిల్లలు తట్టుకుని పడుతుంటే చూసి, దాన్ని నునుపు చేద్దామని ఎవరినీ అడక్కుండా ఆ బండిని నడిరోడ్డున చెరువుదాకా తోలుకుపోయాడు, ప్రతి మలుపులోనూ చెయ్యి చాపి చూపిస్తూ. దొంగతనం కేసయింది.

"చెయ్యి చూపించాడంటే తెలివిలో ఉన్నట్టే కదండీ!" అన్నాడు కోర్టులో ప్రభుత్వ వకీలు.

"తప్పని నీకు తెలుసా?" అని జడ్జిగారు ఎల్డన్‌ని అడిగారు.

"తెలుసమ్మా. కానీ అది గుర్తొచ్చేలోపే చేతులు పని కానిచ్చేస్తాయి."

వెనక బల్ల మీద అక్క వెల్మా కళ్లు మూసుకుంది. జడ్జిగారు తల దెబ్బ గురించి డాక్టరు రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి, శిక్ష లేకుండా వదిలేశారు. ఇకమీదట బండెక్కితే పక్కన వెల్మా ఉండాలన్నారు. లేస్తూ, గొంతు తగ్గించి అడిగారు: "ఇంతకీ చెరువు ఎలా వచ్చింది?"

"అద్దమేనమ్మా! మీరు మాత్రం ఆ మడమల బూట్లతో రాకండి, గీతలు పడతాయి."