ఉప్పు వెయ్యని పులుసు

దెయ్యాలు, ఆత్మల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. టెక్కలిలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. మోటారు తిరగడం లేదంటే లోపల ఎక్కడో తీగ కాలి ఉంటుంది. విప్పి చూస్తే కనపడుతుంది. లోకంలో అన్నీ అంతే అనుకునేవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు విప్పి చూసినా కాలిన తీగ దొరకలేదు.

మేము నలుగురు స్నేహితులం. భావనపాడులో వేటకెళ్లే అప్పలరాజు, టెక్కలిలో ఆటో నడిపే యోహాను, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోట చేసుకునే దానయ్య, నేను. వీలు కుదిరిన ఆదివారం, యోహాను చర్చి నుంచి రాగానే, భావనపాడు దగ్గర ఉప్పుటేరుకి పోయేవాళ్లం. అప్పలరాజు విసురు వల వేసేవాడు. మేం మోకాలి లోతు నీళ్లలో పీతల కోసం తడుముకునేవాళ్లం. ఒడ్డున సరుగుడు చెట్ల నీడలో రాళ్లు పేర్చి పొయ్యి పెట్టి, దొరికింది అక్కడే వండుకుని తినేవాళ్లం. వంట దానయ్యది.

దానయ్యకి కిడ్నీలు పోయాయి. ఈ మాటకి మా వైపు ఎవరూ ఆశ్చర్యపోరు. ప్రతి వీధిలో ఒకరుంటారు. పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. ఉప్పు తినకూడదు. నీళ్లు కూడా ఆచితూచి తాగాలి. అయినా ఒంట్లో ఓపికుంటే మాతో వచ్చి వండేవాడు. నోట పెట్టి చూడకుండానే పులుసులో ఉప్పు వేసేవాడు. ఎప్పుడూ తేడా రాలేదు. మేం తింటుంటే మా మొహాలు చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు నాకు కష్టంగా ఉండేది.

వానాకాలంలో పోయాడు.

దినాలు అయ్యాక పలకరించడానికి వెళ్తే, అతని భార్య ఈశ్వరమ్మ నాతో ఒక మాట చెప్పింది. చివరి రోజుల్లో చేపల పులుసు కావాలని అడిగాడట. డాక్టర్లు వద్దన్నారని ఆమె పెట్టలేదు.

"పెట్టినా బతికీవోడు కాదన్నయ్యా. పెట్టకపోతే మాత్రం బతికినాడా?" అంది.

ఆమెకి కన్నంటుకుంటే చాలు, కలలో అతను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడుతున్నాడట. ఏమీ అనడట. ఆమె బాగా చిక్కిపోయింది. అన్నం సయించడం లేదని పక్కింటివాళ్లు చెప్పారు.

తర్వాత చాలా రోజులు మేం ఏరు వైపు పోలేదు. చివరికి అప్పలరాజే ఫోన్ చేశాడు. దానయ్య లేడని ఏరు కూడా మానేస్తే అతనికి మాత్రం బాగుంటుందా అన్నాడు. సరేనని వెళ్లాం.

ఆ రోజు వలకి చేప బాగా పడింది. పొయ్యి ముందు కూర్చోడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. కాసేపటికి యోహాను కూర్చున్నాడు. నేను ఉల్లిపాయలు తరిగాను. అప్పలరాజు చేపలు బాగుచేసి ఏటి నీళ్లలో కడిగి, తెచ్చుకున్న క్యాను నీళ్లతో మళ్లీ కడిగాడు. చింతపండు, కారం వేసి ఉడికించాం.

మొదటి ముద్దకే అప్పలరాజు చెయ్యి ఆగిపోయింది. నేనూ ఆగాను. అది దానయ్య పులుసు. ఇంకోలా ఎలా చెప్పాలో నాకు తెలియదు. తల వంచుకుని తిన్నాం. యోహాను మధ్యలో లేచి నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

కొంత పులుసు ఈశ్వరమ్మ కోసం క్యారేజీలో పోశాం. సామాను సర్దుతుంటే సంచి అడుగున ఉప్పు ప్యాకెట్టు చేతికి తగిలింది. కొన్నది కొన్నట్టే ఉంది. మూల కూడా కత్తిరించలేదు. వేరే ఉప్పు మేం తేలేదు.

"ఉప్పు నువ్వేసినావేటి బావా?" అని అప్పలరాజుని అడిగాను.

"నానెయ్యలేదు. యోహానేసినాడనుకున్నాను."

యోహాను తల అడ్డంగా ఊపాడు. ఉప్పు సంగతే అతనికి గుర్తుకు రాలేదట.

అక్కడి నుంచి యోహాను ఆటోలోనే దానయ్య ఊరికి వెళ్లాం. మేం ఏటికి వెళ్లిన సంగతి ఈశ్వరమ్మకి తెలియదు. ఎవరం చెప్పలేదు. అరుగు మీద కూర్చుని ఉంది. మేం నోరు తెరవకముందే ఆమే అంది.

"మజ్జాన్నం కన్నంటుకుందన్నయ్యా. ఆయనొచ్చినాడు. ఈపాలి సేతిలో గిన్ని లేదు. 'నాను తినీసినాను. నువ్వు కూడా తిను' అన్నాడు."

అప్పలరాజు క్యారేజీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మూత తీసి వాసన చూసింది. ఎక్కడిదని అడగలేదు. లోపలికి వెళ్లి అన్నం పెట్టుకుని వచ్చి, మా ఎదురుగా కూర్చుని, ఏడుస్తూ మొత్తం తినేసింది. ఆ తర్వాత ఆమెకి ఆ కల రాలేదట.

కల సంగతి వదిలేస్తాను. మనసు బాధలో ఉన్న మనిషికి ఏ కలైనా రావచ్చు. అది ఆ మధ్యాహ్నమే రావడం కాకతాళీయం అనుకుందాం. పులుసు సంగతే నాకు అంతుపట్టదు. ఏటి నీళ్లలో కడిగాం కాబట్టి చేపకి ఉప్పు పట్టిందేమో అన్నాను. అప్పలరాజు ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లలోనే కడుగుతున్నాం, ఉప్పు వెయ్యకుండా ఏనాడైనా తినగలిగామా అన్నాడు. యోహాను ఈ విషయం మాట్లాడడు. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రలో ఉంటారని అతని నమ్మకం. ఇద్దరిలో ఎవరో వేసి మరిచిపోయారని కూడా అనుకున్నాను. మరి ఆ ప్యాకెట్టు?

చలికాలంలో ఇంకోసారి వెళ్లాం. అదే చోట, అలాగే కడిగి, అలాగే వండాం. ఈసారి ఉప్పు ప్యాకెట్టు పొయ్యి పక్కనే ఉంది. ముగ్గురికీ కనపడుతూనే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పులుసు దించాక అప్పలరాజు గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని రుచి చూశాడు. చప్పగా ఉంది. అతని మొహం చూడగానే మాకు అర్థమైంది. పళ్లతో ప్యాకెట్టు చింపి, ఉప్పు తీసి వేశాడు.