కుప్పం మామ మద్రాసు జాగ్రత్తలు

కంట్లో చుక్కలు వేసుకున్నాక అయిదు నిమిషాలు కళ్ళు మూసుకొని కదలకుండా ఉండమని డాక్టరు చెప్పినాడు. రోజుకు రెండుసార్లు అట్లా పడుకోవడం నాకొక ఉద్యోగమైపోయింది. జీతం లేదు, సెలవూ లేదు. మొన్న సాయంత్రం మదనపల్లెలో మా ఇంటి వరండాలో డ్యూటీ మీద ఉండగా మా తమ్ముడి కూతురు కుర్చీ లాక్కొని పక్కన కూర్చుంది. స్నేహితురాళ్ళతో కలిసి చెన్నై పోతోందట. ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఆటోవాడితో ఎట్లా మాట్లాడాలి, అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. అవన్నీ నాకు చదివి వినిపించి, చివరికి "పెదనాన్నా, నువ్వేమన్నా చెప్పేదుంటే చెప్పు" అంది. అంత తెలిసినాక కూడా నన్నడిగిందంటే అది మర్యాదే అయ్యుండాలి.

మా కాలంలో ఆ ఫోను కుప్పంలో ఉండేది, మనిషి రూపంలో. మా అమ్మకు అన్న, నాకు మేనమామ. కూరగాయల వ్యాపారం. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో సరుకు కొని, లారీకెత్తించి, వారానికి రెండుమూడు సార్లు దాని వెంట మద్రాసుకు పోయొచ్చేవాడు. మదనపల్లె నుంచి మద్రాసుకు సూటిగా బస్సు ఉండేది. అయినా మా బంధువుల్లో ఎవరూ ఆ బస్సెక్కిన పాపాన పోలేదు. పుంగనూరు, పలమనేరు మీదుగా నడుం విరగ్గొట్టుకుంటూ కుప్పం చేరి, మామ ఇంట్లో ఒక పూట తిని, ఆయన చెప్పే జాగ్రత్తలు విని, అప్పుడు రైలెక్కేవాళ్ళు. మామ చెవిలో వేయకుండా మద్రాసు పోవడమంటే జాతరకు పోయి అమ్మవారిని చూడకుండా తిరిగొచ్చినట్టు లెక్క. సూటిగా పోయిన మా దాయాది ఒకాయన మద్రాసులో జ్వరం తెచ్చుకున్నాడు. ఆ జ్వరం దోమల వల్ల వచ్చిందని డాక్టరు చెప్పినా, కుప్పం దిగకపోవడం వల్ల వచ్చిందనే మా ఇళ్ళలో చెప్పుకున్నారు.

నేను పోయింది ఎనభైల మొదట్లో. మదనపల్లెలో డిగ్రీ వెలగబెడుతున్న రోజులు. పని నాది కాదు, పుంగనూరులో ఉండే అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మది. చింతపండు కొడుతూ కొడుతూ ఒకరోజు కుడికంట్లో నలక పడి ఆ కన్ను మూసుకుందట. మూసుకుంటే లోకమంతా మాయమైంది. ఎడమకన్ను ఎప్పుడో చీకటైపోయిందని అప్పుడు తెలిసింది. కుడికన్నుక్కూడా పక్కల నుంచి మబ్బు కమ్ముకొస్తోందని చిత్తూరు డాక్టరు చెప్పి, మద్రాసులో ఒక పెద్ద కంటాస్పత్రికి పొమ్మన్నాడు. అక్కడి పెద్ద డాక్టరు కొత్తవాళ్ళను చూసేది వారంలో ఒక పొద్దున మాత్రమే. తొమ్మిదిలోపల టోకెను తీసుకోవాలి. ఆ వారం తప్పితే ఆయన ఎక్కడికో పోతున్నాడు, మళ్ళీ వచ్చేది ఎప్పుడో తెలియదు. అంతవరకు ఆ ఉన్న కన్ను ఆగుతుందో లేదో చిత్తూరు డాక్టరు చెప్పలేదు. చెప్పకపోవడంతోనే మాకు అర్థమైంది. చిన్నమ్మ, చిన్నాయన, ఇంగ్లీషు తెలిసినవాడు ఒకడు ఉండాలని నేను, ముగ్గురం బయల్దేరినాం. నా ఇంగ్లీషుతో ప్రశ్న అడగొచ్చు గానీ, జవాబు వస్తే మాత్రం కష్టం. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం కుప్పంలో మామ మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మొదలుపెట్టినాడు. మద్రాసులో మేడల పక్క తలెత్తి చూడకూడదు. "తలెత్తినోడి జేబు తల దించుకుంటాది అల్లుడూ" అన్నాడు. దారి ఒకణ్ణి అడిగి పోకూడదు, ముగ్గుర్నడిగి ఇద్దరు ఒకే పక్క చెయ్యి చూపిస్తే అటు పోవాలి. ఆటోలో కూర్చున్నాక బేరం మొదలుపెట్టకూడదు, మీటరుండేది అలంకారానికి. బస్సులో ఎడమ పక్క సీట్లు ఆడోళ్ళవి, చిన్నాయన ఒళ్ళు మరిచి ఆడ కూర్చుంటే చీవాట్లు అరవంలో పడతాయి. నీళ్ళు ఉప్పు, ఇంటి నుంచే డబ్బాతో తీసుకుపోవాలి. ఒక మూట పోతే దాని వెనక పరిగెత్తకూడదు. "పరిగెత్తితే మిగిలినవీ పోతాయి. పోయిందాని కోసం ఎతకద్దు, ఉన్న మూటల మీద గెట్టిగా కూర్చో." ఇవన్నీ ఒక ఎత్తు, అసలు జాగ్రత్త ఒక ఎత్తు. సెంట్రల్ స్టేషన్లో అరవం మాట్లాడేవాడు మంచోడు, ఇంగ్లీషు మాట్లాడేవాడు మనల్ని పట్టించుకోడు. మన యాసలో "ఏమప్పా, బాగుండారా" అని పలకరిస్తాడు చూడు, వాడే దొంగ! మన రైలొచ్చే టయానికే కాసుకోనుంటాడు. ఎప్పుడో ఒకడు "మాదీ మీ పక్కే అప్పా, కలికిరి" అని మామ పక్కన చేరి, కలికిరిలో లేని చుట్టాలందరి యోగక్షేమాలు అడిగి, బట్టల మూటతో సహా మాయమైనాడు. అప్పటినుంచి మామకు కలికిరి మీద కూడా అనుమానమే.

"తినొద్దు, తాగొద్దు, తలెత్తొద్దు, మాట్లాడొద్దు. ఇంతకన్నా ఇంట్లో ఉంటే పోలా మామా?" అన్నాను. చిన్నాయన నా తొడ మీద ఒకటేసినాడు. ఆ ఇంట్లో నా మాటలకు నవ్వేది చిన్నమ్మ ఒక్కతే. నవ్వి, కొంగు సర్దుకొని, అప్పటిదాకా అడగనిది అడిగింది.

"అన్నా, సముద్రం యాపక్కుంటాది?"

మామ చెయ్యి ఊపి కొట్టిపారేసినాడు. "ముందు పని సూడమ్మా. పనైనాక సముద్రం. అదేమన్నా యాడికన్నా పోతాదా?"

చిన్నమ్మ సరేనంది. ఆమె జీవితంలో ఎక్కువగా వాడిన మాట అదే. కానీ రైల్లో కిటికీ పక్కన కూర్చొని నాతో మెల్లగా అంది: "సముద్రం యాడికీ పోదు నిజమే గానీ నాయనా, పనైనాక నాకేం కనపడతాదో ఎవురికి తెలుసు?" దానికి నా దగ్గర జోకు లేదు. ఎంత వెతికినా రాలేదు. డబ్బాలో నీళ్ళు తాగుతావా అని అడిగినాను.

తెల్లారే సరికి సెంట్రల్లో దిగినాం. చిన్నాయన తల దించుకొని మేడల పక్క చూడకుండా నడుస్తున్నాడు. స్టేషను లోపల మేడలు లేవని చెప్పినా వినలేదు. గేటు దగ్గరికి వచ్చినామో లేదో, పచ్చ తువ్వాలు భుజాన వేసుకున్న పొడుగాటి మనిషి ఒకాయన మా వైపే వచ్చి, నోరారా నవ్వి, "ఏమప్పా, కుప్పం నుంచి వస్తాండారా? మీకోసరమే సూస్తా ఉండా" అన్నాడు.

చిన్నాయన చేతిలో మూటను గుండెకు హత్తుకున్నాడు. మామ వర్ణించిన దొంగ ఇంత పొద్దున్నే, ఇంత పొడుగ్గా ప్రత్యక్షమవుతాడని ఆయన అనుకోలేదు. నేను తెలివికి పోయి, సినిమాల్లో విన్న కన్నడంలో "నమగె తెలుగు బరల్ల, మేము బెంగుళూరోళ్ళం" అన్నాను. తెలుగు రానివాడు రెండో ముక్క తెలుగులో ఎట్లా చెప్పినాడని ఆ మనిషి అడగలేదు. చక్కని కన్నడంలో బెంగుళూరులో ఏ పేట అని అడిగినాడు. నేను బిత్తరపోయి ముందుకు నడిస్తే, వెనకనుంచి అరవంలో ఏదో బతిమాలినాడు. కుప్పం పక్క పుట్టినవాడెవడికైనా మూడు భాషలూ వస్తాయి, మామక్కూడా వస్తాయి. ఆ సమయానికి అది మాకు తట్టలేదు. "మూడు భాషలొచ్చినోడు మామూలు దొంగ కాదు. రాండి!" అని చిన్నాయన చిన్నమ్మ చెయ్యి పట్టుకొని పరుగు. మూటలతో, నీళ్ళ డబ్బాతో, నేనూ వెనకాలే. ఎదురుగా ఒక బస్సు కదులుతుంటే ఎక్కేసినాం. ఎక్కడికి పోవాలని కండక్టరు అరవంలో అడిగితే చిన్నాయన "ముందరికి పోనీప్పా" అన్నాడు. ఎడమ పక్కే కూర్చున్నాడు. చీవాట్లు, మామ చెప్పినట్టే, అరవంలోనే పడినాయి.

ఆ బస్సు ఆస్పత్రి పక్కకు పోలేదు. ఊరంతా తిరిగి, ఇంక పోయేదానికి నేల లేని చోట ఆగింది. దిగమన్నారు, దిగినాం. రోడ్డు దాటితే ఇసుక. ఇసుక దాటితే అది.

ఏటి పేరు చెప్పి ఇసుక చూపించే సీమవాళ్ళం మేము. వందల అడుగులు బోరు వేసి, తడి మట్టి వస్తే కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. అంత నీళ్ళు ఒక్కసారిగా ఎదురుగా పెడితే ఏం చెయ్యాలో తెలియలేదు. చిన్నాయన కాసేపు చూసి, వంగి అరచేత్తో తీసుకొని నోట్లో పోసుకొని, తుపుక్కున ఉమ్మినాడు. "దీనికన్నా మన బోరు మేలు" అని తీర్మానించి, టయమెంతైందని నన్ను చంపుకు తినడం మొదలుపెట్టినాడు. ఎనిమిది దాటుతోంది. ఆస్పత్రి ఎటుందో తెలియదు. దారి అడుగుదామంటే ఒడ్డున ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ చెరొక పక్క చెయ్యి చూపించినారు.

చిన్నమ్మ మాత్రం కదల్లేదు. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకొని, అలలు పాదాల మీద ఎక్కి దిగుతుంటే, ఒక చేత్తో ఎండ అడ్డం పెట్టుకొని, ఆ ఉన్న కంటితో చూస్తోంది. ఇంట్లో ఏదైనా వస్తువు వెతికేటప్పుడు మెడ తిప్పి తిప్పి చూసినట్టు, ఆ మూల నుంచి ఈ మూల దాకా, కొంచెం కొంచెంగా చూసింది. తరవాత నన్ను పిలిచింది.

"అబ్బోడా, నీళ్ళు అయిపోయి ఆకాశం మొదలయ్యేకాడ గీత ఉంటాదంటారే. నాకు కనపడలా. నా కంటి తప్పా?"

నేనూ చూసినాను. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. దూరమంతా తెల్లగా మెరుస్తోంది, ఎక్కడా గీత లేదు. "నాక్కూడా కనపడలా చిన్నమ్మా. ఇంకా గీసినట్టు లేదు" అన్నాను.

చిన్నమ్మ నవ్వింది. "అయితే సరే. పోదాం పా" అంది. మూటలన్నీ తనే తీసుకుంది.

ఆస్పత్రికి చేరేసరికి తొమ్మిది ఎప్పుడో దాటింది. ఆటోలో కూర్చున్నాక చిన్నాయన బేరం కూడా ఆడలేదు. గేటు కాడ దిగి లోపలికి చూస్తే, మెట్ల మీద పచ్చ తువ్వాలు. ఆ పొడుగాటి మనిషి లేచి వచ్చి, చేతిలో టోకెను చిన్నాయనకు ఇచ్చి, నా పక్క తిరిగినాడు.

"బెంగుళూరోళ్ళు కదప్పా మీరు, ఈడికి యాల వస్తిరి?"

మామ మమ్మల్ని రైలెక్కించి ఇంటికి పోయినాక నిద్ర పట్టలేదట. తను చెప్పిన జాగ్రత్తలు తల్చుకొని తనకే భయమేసిందట. పోస్టాఫీసు ఆయన్ని లేపి, మద్రాసులో తన సరుకు దిగే మండీకి ట్రంకాల్ చేయించి, అక్కడి గుమాస్తాను పంపించినాడు. ఈయనదీ కుప్పం పక్క పల్లే. మేము పారిపోయినాక ఈయన సూటిగా ఆస్పత్రికి వచ్చి, చిన్నమ్మ పేరు చెప్పి వరసలో నిలబడినాడు. చిన్నాయన మూట విప్పి, రాగిసంగటి ముద్ద, దాంట్లోకి నూరిన చెనిగ్గింజల ఊరిబిండి ఆయన చేతిలో పెట్టినాడు. సంగటి తిని నెలలైందని ఆయన ఆ మెట్ల మీదే కూర్చొని కళ్ళు మూసుకొని తిన్నాడు. చివర్లో నన్ను చూసి, "బెంగుళూరులో గూడా సంగటి బాగానే గెలుకుతారే" అన్నాడు. నా జన్మలో అంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

పెద్ద డాక్టరు చిన్నమ్మను ఎంతోసేపు చూసినాడు. తెలుగాయనే కావడంతో నా ఇంగ్లీషు పరువు దక్కింది. "పోయిన చూపు రాదమ్మా. దాని కోసం తిరగొద్దు. ఉన్నదాన్ని చుక్కలతో గట్టిగా కాపాడుకుందాం" అన్నాడు. చిన్నాయన కండువాతో ముఖం తుడుచుకుంటుంటే, చిన్నమ్మ నా చెవిలో అంది: "ఈయప్ప గూడా కుప్పం దిగొచ్చినట్టుండాడే."

తిరిగి కుప్పంలో దిగినాం. జరిగిందంతా విని మామ సిగ్గుపడతాడనుకున్నాను. ఛాతీ విరుచుకున్నాడు. "నేను పంపించినోడి నుంచే తప్పించుకున్నారంటే, దొంగోడొక లెక్కా మీకు!" అని చిన్నాయన వీపు తట్టినాడు. అన్నం వడ్డించేటప్పుడు చిన్నమ్మ, అమాయకంగానే, "అన్నా, నువ్వు సూసినప్పుడు ఆ గీత కనపడిందా?" అని అడిగింది. మామ ముద్ద కలుపుతూ ఆగినాడు. లారీ చీకట్లో చేరుతుంది, సరుకు దించాలి, బేరం తెగాలి, బస్తాల మీద ఒక కునుకు తీసి, తిరుగు లారీ ఎక్కాలి. పదిహేనేళ్ళ నుంచి అంతే.

"పనైనాక సూద్దామనే ఉండానమ్మా," అన్నాడు. "పని కాలా."

ఆ మాట మీద కూడా నాకు జోకు రాలేదు. చిన్నమ్మే మజ్జిగ పోస్తూ అంది: "ఈసారి దిగతానే ముందు ఆడికి పో. సరుకు యాడికీ పోదు."

మామ సముద్రం కాడికి పోయినాడు. తరవాతి లారీతో పోయి, పంచె మడతల్లో ఇసుకతో తిరిగొచ్చినాడు. అక్కడ ఏం చూసినాడో మాకు చెప్పలేదు గానీ, ఆ తరవాత చాప మీద కూర్చున్న ప్రతి బంధువుకూ జాగ్రత్తలు "దిగతానే ముందు సముద్రం" అని మొదలయ్యేవి. దొంగల సంగతి రెండోది. చిన్నమ్మ కన్ను ఆ చుక్కలతో చాలా ఏళ్ళు ఆగింది. చివర్లో మబ్బు మొత్తం కమ్మేసినాక, ఇంటికొచ్చిన వాళ్ళకు ఆమె సముద్రం చెప్పేది, మూల నుంచి మూల దాకా, కొంచెం కొంచెంగా. గీత మాత్రం లేదనేది. మా అబ్బోడు గూడా సూసినాడు, కావాలంటే అడగండి అనేది. మామ లేడు, ఆమె లేదు. అమ్మ వైపు నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ఈ చుక్కల సీసా.

ఇదంతా మా తమ్ముడి కూతురికి చెప్పలేదు. కళ్ళు మూసుకొనే, "దిగతానే ముందు సముద్రం కాడికి పోమ్మా" అన్నాను.

"ఫస్ట్ రోజు షాపింగ్ పెదనాన్నా. బీచ్ లాస్ట్ రోజు. అదేం ఎక్కడికీ పోదు కదా!" అంది.

నాకు నవ్వొచ్చింది, చుక్క ఒకటి చెంప మీదికి జారింది. పిల్ల ఫోను చూసి అయిదు నిమిషాలైందని చెప్పింది. ఈ వయసులో అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుంటే నలభై ఏళ్ళు అవతల తేలతామని మాత్రం ఆ సీసా మీద ఎక్కడా రాయలేదు.