సెకండ్‌హ్యాండ్ కారూ, ముప్పై రోజుల గడువూ

2007 జూన్. విజయవాడలో ఒక విదేశీ కార్ల కంపెనీ డీలర్ దగ్గర నేను సర్వీస్ అడ్వైజర్‌గా చేరి అప్పటికి ఏడాదిన్నర. వర్క్‌షాపు ఏలూరు వైపు హైవే మీద ఉండేది. సర్వీస్ అడ్వైజర్ పని బయటివాళ్ళకి అంతగా తెలియదు. కారులో ఏం తేడాగా ఉందో యజమాని చెప్తే విని, మెకానిక్‌కి అర్థమయ్యేలా జాబ్ కార్డు మీద రాయాలి. సాయంత్రం మెకానిక్ చెప్పింది విని, యజమాని కంగారు పడకుండా బిల్లు వివరించాలి. ఈ రెండో పనిలో నన్ను మించినవాడు కృష్ణా జిల్లాలోనే లేడని నా నమ్మకం. అంతకు ముందు పదేళ్ళు ఆటోనగర్‌లో మా ఉస్తాద్ దగ్గర ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. కారు గేటులోకి వస్తుంటే చప్పుడు విని జబ్బు చెప్పేసేవాణ్ణి.

నా టేబుల్ మీద కంప్యూటర్ పక్కనే ఓ తెలుగు క్యాలెండరు ఉండేది. ఖాదర్ అనే పేరు పెట్టుకుని తిథులు చూస్తున్నావేంటని మా వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. చూడక ఏం చెయ్యను? అమావాస్య రోజు కారు డెలివరీ తీసుకోవడానికి ఒక్కరూ రారు, మంగళవారం సగం మంది రారు. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది. మే నడిమి నుంచి జూన్ నడిమి దాకా షెడ్డు బోసిపోయింది. అధికమాసం వెళ్ళిన మర్నాడు మాత్రం గేటు బయట వరస కట్టారు.

ఆ వరసలో వచ్చినవాళ్ళే ప్రసాదరావు గారు, ఆయన భార్య సుశీల గారు. గవర్నర్‌పేటలో వాళ్ళది స్కూలు పుస్తకాల హోల్‌సేల్ షాపు. కారు ఐదేళ్ళ నాటిది, హైదరాబాద్‌లో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నారు. బానెట్ మీద పసుపూ కుంకుమా, ముందు బంతిపూల దండ. ఆయన కారు దిగిన తీరు చూస్తేనే సంగతి అర్థమైంది. ముందు కాళ్ళు రెండూ బయట పెట్టి, తలుపు పట్టుకుని, నెమ్మదిగా నడుం లేపారు.

"ముప్పై ఏళ్ళు స్కూటరు మీద తిరిగానండీ. నడుం అరిగిపోయిందన్నారు డాక్టర్లు. మా పాత కారులో ఉయ్యూరు దాటితే మళ్ళీ నెల రోజులు మంచమే. ఒకసారి మా స్నేహితుడి కారులో, ఇలాంటిదే, అవనిగడ్డ వెళ్ళొచ్చాను. నొప్పి రాలేదు. అందుకే కొన్నాను, దర్జాకి కాదు" అన్నారు.

చెప్పుకోకపోయినా అడిగేవాళ్ళం కాదు. కానీ ఆ కారు చూసి ఊళ్ళో ఎంతమంది ఏమన్నారో, అందరికీ అదే సంజాయిషీ ఇచ్చి ఇచ్చి అలవాటైనట్టుంది. జూన్, జులై ఆయనకి ప్రాణం లాంటివి. గుడివాడ, బందరు, అవనిగడ్డ, ఎక్కడ స్కూలు ఉంటే అక్కడికి స్వయంగా వెళ్ళి హెడ్మాస్టర్లని కలిస్తేనే ఆర్డర్లు. వెళ్ళకపోతే గుంటూరు వాళ్ళు తన్నుకుపోతారు. సుశీల గారు మొదటే షరతు పెట్టారట. ఈ కారు మీద ఏడాదికి అరవై వేలు దాటితే అమ్మేసి, ఊళ్ళు తిరగడం మానేసి, షాపు గల్లా దగ్గర కూర్చోవాలి. ఆ మాట ఆవిడ నవ్వుతూనే చెప్పారు గానీ ఆయన నవ్వలేదు.

"అరవై వేలు ఎందుకు దాటుతుందండీ, డాక్టరు గారు కట్టిన సర్వీస్ ప్లాన్ ఇంకా రెండేళ్ళు ఉందిగా" అంటూ ఆయన ఫైలు తీశారు. సర్వీస్ ప్లాన్ అంటే ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, లేబరు, ఇలాంటివాటికి ముందే ఒకేసారి డబ్బు కట్టేయడం. కారు అమ్మినా ప్లాను కారుతోపాటే వెళ్తుంది. కాకపోతే కొత్త యజమాని పేరుకి మార్పించుకోవాలి, దానికి గడువుంది.

"ఎప్పుడు కొన్నారు సార్?"

"అధికమాసం రాకముందే, మంచి రోజు చూసి డబ్బిచ్చి తెచ్చేశాను. పేరు మార్చడం, పూజ, సర్వీసు, అన్నీ అధికమాసం వెళ్ళాకే అనుకున్నాను."

లెక్కపెడితే నలభై రోజులు. నేను కుర్చీలో వెనక్కి వాలాను. "ముప్పై రోజుల్లో రావాలి సార్. ప్లాను పోయింది" అన్నాను. నిజం చెప్పాలంటే, అలా తేల్చి చెప్పడంలో నాకు కాస్త సరదా కూడా ఉండేది. డాక్టర్లు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి చెప్తారే, అలా.

ప్రసాదరావు గారి ముఖం వాడిపోయింది. నేను వెంటనే కొత్త ప్లాను కాయితం తీశాను. పాత కార్లకి వేరే రేటు, రెండేళ్ళకి లక్షా ముప్పై ఐదు వేలు. అరవై వేల గీత ఒక్క సంతకంతో దాటిపోతుందని నాకూ తెలుసు. అయినా నెలకి ఇన్ని ప్లాన్లు అమ్మాలని మాకో టార్గెట్, నాకింకా రెండు తక్కువ. "ఒక్క పెద్ద పని తగిలిందంటే ఈ డబ్బు తిరిగొచ్చినట్టే సార్" అన్నాను. ఈ మాట నేను రోజుకి నాలుగుసార్లు అనేవాణ్ణి.

సుశీల గారు కాయితం తనవైపు తిప్పుకున్నారు.

"ఇందులో ఏమేం ఇస్తారు బాబూ?"

చదివాను. ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ఫ్లూయిడు, వైపర్లు, ఏడాదికి రెండు పాలిష్‌లు.

"అవనిగడ్డ రోడ్డు మీద ఈ కారుకి ముందు ఏం పోతుంది?"

"బుష్‌లు పోతాయండీ." చక్రాన్ని బాడీకి కలిపే చోట కుదుపు తగలకుండా ఉండే రబ్బరు ముక్కల్ని బుష్‌లంటారు. మన గుంటల్లో ముందు అరిగేవి అవే.

"అవి ఈ ప్లానులో ఉన్నాయా?"

"లేవండీ."

ఆవిడ ఓ చిన్న నవ్వు నవ్వారు. "మేము స్కూళ్ళకి సెట్లు అమ్ముతాం. ఒకటో తరగతి సెట్టులో పిల్లాడికి పనికొచ్చేవి ఆరు పుస్తకాలు, ఒక డ్రాయింగ్ బుక్కు, మా గోడౌన్‌లో కదలని సరుకు మూడు. తల్లిదండ్రులు విడిగా కొనుక్కుంటామంటే, రూలు ఒప్పుకోదంటుంది స్కూలు. మాకు తెలియదా బాబూ ఈ పాలిష్ సంగతి?"

పదేళ్ళు గ్రీజులో మునిగినవాణ్ణి, స్కూలు పుస్తకాలు అమ్మే ఆవిడ కూర్చోబెట్టి గాలి తీసేసింది. నాకు ఒళ్ళు మండింది. పైగా పక్కనే నా కింద పనిచేసే ఇద్దరు నిలబడి వింటున్నారు.

"సరే మేడమ్, కొత్తది వద్దంటే వద్దు. పాతది మాత్రం రూలు ప్రకారం పోయింది" అన్నాను, కొంచెం గట్టిగానే.

"ఆ రూలు కాయితం ఉంటుందిగా? చూపించండి. రూలు అని ఎవరన్నా నేను ముందు కాయితమే అడుగుతాను."

ధీమాగా లేచి, బీరువాలోంచి ప్లాను పుస్తకం తెచ్చి, ఆవిడ ముందే పేజీ తిప్పాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆర్‌సీలో కొత్త యజమాని పేరు నమోదైన తేదీ నుంచి ముప్పై రోజుల్లోగా... అక్కడ ఆగిపోయాను.

డబ్బిచ్చిన రోజు నుంచి అని లేదు. ఆర్‌సీలో పేరు నమోదైన రోజు నుంచి అని ఉంది. ప్రసాదరావు గారి కారు ఆర్‌సీలో ఇంకా డాక్టరు గారి పేరే ఉంది. అంటే గడువు పోవడం అటుంచి, ఇంకా మొదలే కాలేదు.

ఆ పుస్తకం ఏడాదిన్నరగా నా బీరువాలో ఉంది. ఆ పేజీ నేనెప్పుడూ చదవలేదు. ట్రైనింగులో ఎవరో ముప్పై రోజులన్నారు, మిగతాది నేనే పూరించుకున్నాను. ఆటోనగర్‌లో డబ్బూ తాళమూ చేతులు మారిన రోజే బండి అమ్మిన రోజు. ఆర్‌సీలో పేరు ఆరు నెలలకి మారినా, అసలు మారకపోయినా ఎవరికీ పట్టదు. నా సొంత స్కూటరు ఆర్‌సీలో నాలుగేళ్ళు వేరేవాళ్ళ పేరే ఉండింది. కంపెనీ పుస్తకం రాసినవాళ్ళు మాత్రం ఆటోనగర్‌లో పెరిగినవాళ్ళు కారు కదా.

"తప్పు నాదేనండీ" అన్నాను. ఇంకేదో సర్దిచెప్పబోయి మానుకున్నాను.

ప్రసాదరావు గారు "అంటే ప్లాను ఉన్నట్టేనా?" అని మూడుసార్లు అడిగారు. నాకు అప్పుడు సిగ్గేసింది. ఆ మనిషి కారు కోసం బెంగపడలేదు, ఇంకా తిరగగలనా అని బెంగపడ్డాడు. పావుగంట సేపు ఆయన్ని గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టేసింది నేనే.

ఆ తర్వాత పని చకచకా జరిగింది. ఆర్‌టీఓ ఆఫీసులో పేరు మార్పించుకున్నారు, ఇన్సూరెన్సు కూడా మార్చమని వెంటపడి మరీ చేయించాను. ఆర్‌సీ చేతికొచ్చిన మూడోరోజు ప్లాను ఆయన పేరు మీదికి వచ్చింది, ఫీజు ఐదొందలు. ముందు చక్రాల బుష్‌లు అరిగాయని నేనే చెప్పాను, అవి ప్లానులో రావనీ చెప్పాను. పార్టులు మా కౌంటర్లో కొనుక్కుని మా ఉస్తాద్ షెడ్డులో వేయించుకోమన్నాను. ఆ మాట మా వర్క్స్ మేనేజరు వినుంటే ఆ రోజే నా ఉద్యోగం ఊడేది. మొత్తం ముప్పై నాలుగు వేలతో ఆ ఏడాది గడిచింది. జులైలో ప్రసాదరావు గారు అవనిగడ్డ నుంచి ఫోన్ చేశారు. హెడ్మాస్టరుతో మాట్లాడి ఇప్పుడే బయటికొచ్చాను, నడుం బావుంది, అని చెప్పి పెట్టేశారు.

కారు అప్పగించిన రోజు మాత్రం సుశీల గారు ఒక మాట అడిగారు.

"ఖాదర్ గారూ, మాకంటే ముందు ఇంకెవరికైనా ఇలాగే ప్లాను పోయిందని చెప్పారా?"

నేను చెప్పకుండా దాటేయచ్చు. "ఒకరికి చెప్పానండీ" అన్నాను.

ఆవిడ తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ ఒకరు గుడివాడ దగ్గర రైస్‌మిల్లు ఓనరు, రామ్మోహనరావు గారు. నాలుగు నెలల కిందట వచ్చారు. ఫైలు తీసి చూశాను. మా దగ్గరికి వచ్చేనాటికి ఆర్‌సీలో ఆయన పేరు మారి పన్నెండు రోజులే. గడువు పద్దెనిమిది రోజులు మిగిలుండగా ప్లాను పోయిందని చెప్పి, కొత్తది అంటగట్టాను. ఇప్పుడు ఆ గడువు నిజంగానే దాటిపోయింది. మా మేనేజరు దగ్గరికి వెళ్తే, "ఆయనకి తెలియదుగా, నువ్వెందుకు తవ్వుకుంటావు?" అన్నాడు. నా ఇన్సెంటివ్‌లో కోసుకోండి, వాడకుండా మిగిలిన భాగమైనా ఆయనకి వెనక్కివ్వండి అని నాలుగు రోజులు మేనేజరు గది ముందు నిలబడ్డాను. చివరికి అందులో సగం వెనక్కివ్వడానికి ఒప్పుకున్నాడు.

ఆదివారం బస్సెక్కి మిల్లుకి వెళ్ళాను. రామ్మోహనరావు గారు వడ్ల లోడు దింపిస్తూ, నేను చెప్పిందంతా నిలబడే విన్నారు. నేను తిడతారనుకున్నాను. ఆయన మజ్జిగ తెప్పించి ఇచ్చారు, తాగేదాకా ఆగారు.

"ఇంత దూరం వచ్చి చెప్పావు, సంతోషం. కానీ ఆ రోజు నువ్వెంత నమ్మకంగా చెప్పావో గుర్తుందా? అందుకే నేను పుస్తకం అడగలేదు" అన్నారు.

ఆ తర్వాత ఆయన కారు మా వర్క్‌షాపుకి మళ్ళీ రాలేదు. ఇప్పటికీ నేను గట్టిగానే మాట్లాడతాను, అది నా తత్వం, పోదు. కానీ ఆ రోజు నుంచి నా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్ళు అడిగినా అడగకపోయినా, ముందు పుస్తకం తెరిచి వాళ్ళవైపు తిప్పి పెట్టి, ఆ తర్వాతే నోరు విప్పుతున్నాను.