ఒక్కదాన్నే తిన్న క్యారేజి

నాకు ఒక్కదాన్నే కూర్చుని అన్నం తినడం చేతనయ్యేది కాదు. నవ్వుతారు గానీ నిజం. పుట్టింట్లో పదిమందిమి, అత్తగారింట్లో ఎనిమిదిమందిమి. ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన కంచం పెట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే గంపలగూడెం దగ్గర ఒక చిన్న బడికి నాతోపాటు బదిలీ మీద వచ్చిన టీచరమ్మ, మొదటిరోజే "అక్కా" అంటూ తన క్యారేజి నా ముందు విప్పిపెడితే, ఆ పిల్లని నెత్తిన పెట్టుకున్నాను.

ఇద్దరిదీ తిరువూరే. పొద్దున ఒకే షేర్ ఆటో, మధ్యాహ్నం ఒకే బల్ల. తనకి కారం పడదంటే మా ఇంట్లో కూరలన్నిట్లో కారం తగ్గించేశాను. మా ఆయన సణిగేవారు. సణిగితే సణగనీ అని వదిలేశాను.

ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే కదలాల్సిందే. మాకూ నిండాయి. ఖాళీల లిస్టు చూస్తే తిరువూరు ఊళ్లో ఒకే ఒక్క పోస్టు ఉంది, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. గంపలగూడెం అవతల ఒక ఊళ్లో మాత్రం రెండున్నాయి. సర్వీసులో నేను సీనియర్ని, ఊళ్లోది అడిగితే నాకే వస్తుంది. "అది ఇద్దరం వదిలేద్దాం అక్కా, రెండున్న చోటే పెట్టుకుందాం, కలిసుంటాం" అంది తనే. నాకు అంతకన్నా ఏం కావాలి? నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఒకే వరసలో ఆప్షన్లు పెట్టాం. చివరి తేదీ దాకా వాటిని మార్చుకోవచ్చని నాకూ తెలుసు. తను మార్చుకుంటుందని మాత్రం తెలీదు.

ఆర్డర్లు వచ్చాయి. నాకు ఆ ఊరు, తనకి తిరువూరు. ఏదో పొరపాటు జరిగిందని, పాపం ఏడుస్తుంటుందని, నేనే ఫోన్ చేశాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

"మా ఆయన మార్చేశారక్కా, నాకు తెలీనే తెలీదు" అంది.

"మార్చాలంటే ఓటీపీ నీ ఫోనుకే కదా వస్తుంది" అన్నాను.

పిల్లాడు ఏడుస్తున్నాడు మళ్లీ చేస్తానని పెట్టేసింది. చేయలేదు. నేనూ చేయలేదు. పోస్టు పోయినందుకు కాదు. అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని.

కొత్త బడిలో ఆ రెండో పోస్టులోకి ఎవరూ రాలేదు. పిల్లలూ నేనూ, అంతే. మధ్యాహ్నం వాళ్లు వరండాలో తింటుంటే నేను లోపల ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా ఆఁ ఊఁ అంటూ రెండు ముద్దలు మింగేదాన్ని. మిగిలింది ఇంటికొచ్చి ఎవరూ చూడకుండా పారేసేదాన్ని. అలా రెండు నెలలు.

ఒకరోజు ఫోన్ ఇంట్లో మర్చిపోయాను. నటించడానికి కూడా ఏమీ లేదు. క్యారేజి విప్పి, దోసకాయ పప్పు కలుపుకుని మెల్లగా తిన్నాను. చప్పగా ఉంది. ఎనిమిదేళ్లుగా నేను తింటున్నది ఇదా అనిపించి ఒళ్లు మండింది. మర్నాడు పచ్చిమిరపకాయలు దండిగా వేసి వండుకెళ్లాను. కళ్లూ ముక్కూ కారుతుంటే అడుగు దాకా ఊడ్చాను. బాగుంది. అంతకన్నా వేరే మాట లేదు.

తర్వాత్తర్వాత సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక మొదటి ఆటో పోనిచ్చేదాన్ని. వరండాలో కూర్చుంటే ఎదురుగా పత్తిచేను, ఒక్కరూ పలకరించరు. ఆలస్యమేంటని ఇంట్లో అడిగితే ఆటో దొరకలేదనేదాన్ని. ఆ అరగంట ఎవరికీ ఇవ్వదల్చుకోలేదు.

ఇవన్నీ నేర్చుకున్నాను గానీ తనని మాత్రం క్షమించలేకపోయాను. మొన్న విజయవాడలో ట్రైనింగ్ ఉంటే పొద్దున్నే తిరువూరు బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. తనూ ఎక్కింది. సరాసరి నా దగ్గరకొచ్చి, ఏమీ జరగనట్టే, "జరుగక్కా" అంది. "ఊళ్లో బడిలో ఎంతమంది ఉంటేనేం, నీలాగా మాట్లాడేవాళ్లు లేరక్కా" అని కూడా అంది. మొహం చూస్తే నిజమే చెబుతోందనిపించింది. నేను పక్క సీట్లో బ్యాగు పెట్టి, "ఒకళ్లు వస్తారు" అన్నాను. నమ్మలేదు. అయినా వెనక్కెళ్లి రాడ్ పట్టుకుని నిలబడింది.

ఎ.కొండూరులో ఒక పెద్దావిడ ఎక్కి, "ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగింది. బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "ఎవరూ లేరండీ, కూర్చోండి" అన్నాను. వెనక్కి వినబడాలనే కాస్త గట్టిగా అన్నాను.