పలకల దుమ్ము

కరోనా తగ్గి ఏడాదైనా, నీళ్ళ బిందె ఎత్తితే చాలు నాకు ఆయాసం వచ్చేది. కరోనా పోయాక ఇట్లా చాలామందికి మిగిలిపోతుందని, ఆడవాళ్ళకు ఇంకా ఎక్కువని మార్కాపురం డాక్టరమ్మ చెప్పింది. నా మొగుడు నమ్మలేదు. నాతోపాటే కరోనా వచ్చిన అతనికీ ఆయాసం మిగిలింది. కానీ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు కదా, తనది దుమ్ము పట్టిన రొమ్మని, నాది ఒళ్ళు బద్ధకమని ఊరంతా చెప్పేవాడు.

ఆరోజు అన్నం వండలేదని జుట్టు పట్టి నా తల గోడకేసి కొట్టాడు.

"ఏంది నీ నాటకాలు?"

నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. రెండో దెబ్బకు లేచిన చెయ్యి గాలిలోనే ఆగింది. గోడ పట్టుకుని కూలబడి, రొప్పుతూ నీళ్ళడిగాడు.

రక్తం ఉమ్మి అన్నాను: "బిందె ఆడనే ఉంది. లేసి ముంచుకో. నీ నాటకాలు నాకాడ కాదు."