దొడ్డమ్మ ఉపవాసం, నా కాపలా

కాలేజీకి వెళ్ళే పిల్లకి అన్నీ తెలుసని మా ఇళ్ళల్లో గట్టిగా నమ్మిన రోజులవి. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, గేదె పాలు తగ్గించినా నన్నే అడిగేవారు. నేను అప్పుడు అమలాపురంలో బీఎస్సీ రెండో ఏడు. కప్పని కోయడం తప్ప (అదీ సగంలో కళ్ళు తిరిగి బెంచీ మీద కూలబడ్డాను) వైద్యం సంగతులేవీ నాకు రావు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ వేసవి సెలవుల్లో, కొత్తపేట దగ్గర మా పెదనాన్నగారింట్లో, నాకు ఆ కాపలా ఉద్యోగం పడేది కాదు. ఇప్పుడు నా రెండేళ్ళ కూతురు రెండుసార్లు తుమ్మితే చాలు, డాక్టరుగారి నంబరు వెతుక్కునే మనిషిని నేను. పిల్ల నిద్రపోయాక ఇలా కూర్చుని, ఈ బెదురు నాకెక్కడ అంటుకుందా అని వెనక్కి వెతుక్కుంటే ఆ అయిదు రోజులే తగులుతాయి.

పెదనాన్న భార్య మా దొడ్డమ్మ. నిండైన మనిషి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆ ఏడు కొత్తపేట కళ్యాణమండపంలో ప్రకృతి వైద్యం చేసే ఒకాయన ఉపన్యాసాలిచ్చేరు. జనం ఆయన్ని నీళ్ళ మాస్టారనేవారు. పదకొండు రోజులు నిమ్మరసం, తేనె కలిపిన నీళ్ళ మీదే ఉంటే కీళ్ళు కొత్తవైపోతాయన్నారట. దొడ్డమ్మ ఆయన పంచిన కాగితం తెచ్చి, వంటింటి గోడకి అన్నం మెతుకులతో అంటించి (ఇంట్లో తనవంతు ఆఖరి మెతుకులు అలా ఖర్చయ్యాయి), రేపట్నుంచే మొదలంది. పెదనాన్న కొబ్బరితోటలో చెట్లతోనైనా మాట్లాడతారేమోగాని ఇంట్లో నోరు విప్పరు. ఆయన కూడా "మానెయ్యకూడదా" అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. ఆ కాగితం అడుగున, నాడి నిమిషానికి వంద దాటితే ఉపవాసం ఆపెయ్యాలని చిన్న అక్షరాల్లో ఉంది. అది పైకి చదివిన పాపానికి దొరికిపోయాను.

"అమ్మడూ, వంద దాటిందని నువ్వంటే ఆపేస్తాను," అంది దొడ్డమ్మ. "మీ పెదనాన్నగారు చెప్పినా ఆపను, ఇంకెవరు చెప్పినా ఆపను."

ఇక నా తిండి నాకు సహించలేదు. పొద్దున్నే నిమ్మనీళ్ళు కలిపిచ్చి, ఆవిడ మణికట్టు పట్టుకుని, గడియారం ముల్లు వంక చూస్తూ లెక్కపెట్టేదాన్ని. జువాలజీ రికార్డు చివరి పేజీల్లో రాసేదాన్ని. మొదటి రోజు ఎనభై నాలుగు. రెండో రోజు తొంభై. మూడో రోజు తొంభై అయిదు. నాలుగో రోజు తొంభై ఎనిమిది. అంకె పెరిగేకొద్దీ నాకు చెమటలు. ఆవిడ మాత్రం ఎప్పట్లాగే ఇంటిల్లిపాదికీ వండేది. రుచి చూడకూడదు కాబట్టి గరిటెడు పులుసు నా అరచేతిలో పోసి, నా మొహం చూసి ఉప్పు వేసేది. పెదనాన్న ఆవిడ ఎదురుగా ముద్ద దిగడం లేదని రెండు ముద్దలకే లేచిపోయి, పనుందని కొత్తపేట వెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి ఆయన తువ్వాలు పెసరట్టు వాసన వేసేది. దొడ్డమ్మ ఆ తువ్వాలు తీసి ఉతుక్కి పడేసేది.

అయిదో రోజు ఆవకాయ. ముహూర్తం ముందే అనుకున్నది, మామిడికాయలు ఇంటికొచ్చేశాయి, ఉపవాసమని కాయ ఆగుతుందా? కాయ కొట్టించి, కారం, ఆవపిండి, నూనె తనే కలిపింది. జాడీకెత్తాక బేసినుకి అంటుకున్న పిండిలో వేడన్నం వేసి కలిపి, మా అందరికీ తలో ముద్దా పెట్టింది. పెదనాన్నకి పెట్టింది. కాయ కొట్టినవాళ్ళకి పెట్టింది. నోరూరలేదా అని అడిగితే, నాలిక చచ్చిపోయిందే అని నవ్వింది. ఆ నవ్వుతోనే లేవబోయి గోడ పట్టుకోబోయింది. గోడ అక్కడికి జానెడు దూరంలో ఉంది. మెల్లగా జారి నేల మీద కూర్చుండిపోయింది. పెదవులు తెల్లగా అయిపోయాయి.

నేను చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాను. నూట పన్నెండు.

"దొడ్డమ్మా, ఆపేద్దాం," అన్నాను.

ఆవకాయ ఘాటు తలకెక్కింది, అంతేనంది. కాని మాటకి నిలబడే మనిషి, ఆపేస్తానంది. పెదనాన్న అప్పటికే ఆటో కోసం చెప్పులు లేకుండా రోడ్డు మీదకి పరిగెత్తేరు.

కొత్తపేటలో డాక్టరుగారు బీపీ ఒకసారి చూసి, పట్టీ విప్పి మళ్ళీ చూసి, బాగా పడిపోయిందన్నారు. మందులేమైనా వాడుతున్నారా అని అడిగేరు. లేదండీ అంది దొడ్డమ్మ.

"బీపీ బిళ్ళ వేసుకుంటదండి," అన్నారు పెదనాన్న. "ఆరేళ్ళ నుంచీ."

"ఈ అయిదు రోజులూ కూడానా?"

"ఆయ్," అంది దొడ్డమ్మ. "అది మందెందుకవుద్దండీ? రోజూ వేసుకునేదే కదా. మందంటే జబ్బు చేస్తే వేసుకునేది."

మందులు వాడేవాళ్ళు ముందు నన్ను కలవండని నీళ్ళ మాస్టారు వేదిక మీంచి చెప్పేరట. సగం హాలు వరసలో నిలబడితే, ఈవిడ నాకు ఏ మందులూ లేవుగా అనుకుని బస్సెక్కేసింది. రోజూ పొద్దున్న ఆ బిళ్ళ అట్టలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టింది నేనే.

డాక్టరుగారు నేను వెంట తెచ్చిన రికార్డు తిప్పి చూసేరు. బిళ్ళ ప్రభావానికి ఆవిడ నాడి అరవై దగ్గరే ఉందనీ, నూట పన్నెండు ఎలా వచ్చిందో నాడి పట్టుకుని చూపించమనీ అన్నారు. చూపించాను. ఆయన నా వేలు పక్కకి తీసేరు.

"బొటనవేలితో చూడకూడదమ్మా. దాని నాడి దానికుంటుంది. ఇన్ని రోజులూ నువ్వు లెక్కపెట్టింది నీ గుండెనే."

కాంపౌండరు ఫక్కున నవ్వేడు. పెదనాన్న నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. సరిగ్గా చూసి ఉంటే రోజూ అరవై అని రాసేదాన్ని. వందకి ఇంకా నలభై ఉందని ధైర్యంగా పదకొండో రోజు దాకా నడిపించేదాన్ని. అసలు ఇలా ఉపవాసం ఉండడం ప్రమాదమేనాండీ అని అడిగాను. కొందరికేమీ కాదు, కొందరికవుతుంది, ఎవరికో ముందే చెప్పడం నా వల్ల కాదు, అందుకే డాక్టరెవరూ చూడకుండా ఇంట్లో కూర్చుని చెయ్యొద్దంటాను అన్నారాయన. బిళ్ళ ఆపి, మర్నాడు మళ్ళీ రమ్మన్నారు.

ఇంటికొచ్చాక పల్చటి జావ చేసి ఇచ్చాను. డాక్టరుగారు చెప్పినట్టు కొంచెం కొంచెంగా. ఇంకో ఆరు రోజులుంటే మోకాళ్ళు కుదిరిపోయేవని దొడ్డమ్మ సణుగుతూనే ఉంది. (ఆ తర్వాత నెల్లాళ్ళు నిజంగానే నొప్పి తగ్గింది. ఉపవాసం వల్లో, మంచం దిగనివ్వకపోవడం వల్లో ఈరోజుకీ ఎవరికీ తెలీదు.) సగం గ్లాసు తాగి, పెదనాన్న పక్కన లేకుండా చూసి, గొంతు తగ్గించింది.

"నిజం చెప్పవే. పోయేదాన్నా?"

"తెలీదు దొడ్డమ్మా," అన్నాను.

"ఇంత చదువూ చదివి తెలీదంటావేంటే," అని మిగతా జావ తాగేసింది.

మొన్న మా పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే మావారు తలుపు దగ్గర నిలబడి, ఏం కాదుగా అని అడిగేరు. ఏం కాదండీ అన్నాను, చాలా నిబ్బరంగా. అని, ఆయన అటు వెళ్ళగానే పిల్ల నుదురు మీద మళ్ళీ చెయ్యి వేశాను. పందొమ్మిదేళ్ళప్పుడు నాకు ఆ అబద్ధం చేతకాలేదు. ఎప్పుడు నేర్చుకున్నానో గుర్తు లేదు.