పొడుగు లెన్సు వంతు

ఏ మాటైనా అనబోయే ముందు హార్మెన్ ఎడమ చొక్కా చెయ్యి వెనక్కి లాగి గడియారం చూసుకుంటాడు. దారిలో ఎవరైనా శుభోదయం అన్నా అంతే. చూసుకుని, ఉదయమే అని రూఢి చేసుకున్నాక, తానూ శుభోదయం అంటాడు.

ముప్పై ఎనిమిదేళ్లు వార్టెన్ ఊళ్లో కాలువ మీది వంతెన ఎత్తి దించడమే ఆయన ఉద్యోగం. పడవ వస్తే వంతెన లేస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా లేవదు. అది భోజనం వేళ. ఆ గంటలో గడ్డిమోపుల పడవ వచ్చినా ఆగింది, నగరాధ్యక్షుడి పడవ వచ్చినా ఆగింది. చెల్లెలు నింకె పెళ్లి పడవ పన్నెండూ నాలుగుకి వచ్చింది. అదీ ఆగింది. యాభై ఆరు నిమిషాలు పెళ్లికూతురు మేలిముసుగుతో పడవలో నిలబడింది. బాజావాళ్లు తమకు వచ్చిన పాటలన్నీ వాయించి, మళ్లీ మొదటి పాట అందుకున్నారు. హార్మెన్ తన గదిలో కూర్చుని రొట్టె, జున్ను తిన్నాడు. పెళ్లికి వెళ్లాలి కనుక కొత్త కోటు వేసుకునే ఉన్నాడు. కోటు మీద జున్ను రాలకుండా మెడకు రుమాలు కట్టుకున్నాడు.

అది జరిగి నలభై ఏళ్లు. నింకె ఏటా పెళ్లిరోజున ఈ కథ చెబుతుంది. హార్మెన్ వింటాడు. ఒక్కచోట మాత్రం సరిదిద్దుతాడు. "పన్నెండూ ఐదు కాదు, నాలుగు."

హార్మెన్ పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక ఊరి ఫొటోల సంఘంలో చేరాడు. మంగళవారం సాయంత్రం ఏడున్నరకు ఊరి హాల్లో కూడతారు. కాఫీ ఇస్తారు. కాఫీతో ఒక బిస్కట్. తర్వాత డబ్బా మూత పడుతుంది. నెల తిరిగేలోపే ఆయన్ను కార్యదర్శిని చేశారు. అంతకుముందు సంఘం ఏడున్నరకు అని చెప్పి ఏడూ ముప్పై ఐదుకు మొదలయ్యేది.

కిందటేడు శరదృతువులో ఒకనాడు వంతెన మీద నడుస్తూ కటకటాలు వంగిపోయి ఉన్నట్టు చూశాడు. వంతెనల ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఇద్దరు మనుషులు మట్టపుకర్ర పట్టుకుని వచ్చి, కొలిచి, కటకటాలు తిన్నగానే ఉన్నాయని తేల్చి వెళ్లారు. హార్మెన్ మళ్లీ వెళ్లి చూశాడు. వంగే ఉన్నాయి. ఎడమ కన్ను మూస్తే ఇంకా వంగాయి.

కళ్ల డాక్టరు గళ్ల కాగితం చూపించింది. కుడి కంటి నడుమ పొర పాడవుతోందని చెప్పింది. అంచులు మిగులుతాయి, మధ్య పోతుంది. ఏడాదో, ఏడాదిన్నరో. ఆయన ఇన్నాళ్లూ కెమెరాకు ఆనించింది ఆ కన్నే. ఎడమ కన్నుతో చూస్తే బొమ్మ ఇంకొకరిది లాగా ఉంటుంది.

ఆ వారమే వెళ్లి ఆరువందల మిల్లీమీటర్ల లెన్సు కొన్నాడు. ప్రయాణానికి పక్కన పెట్టింది తప్ప దాచుకున్నదంతా అందులో పోయింది. మోచేతి పొడవు, మూడు కిలోలు. చెట్టు మీద చిరుతను, మీసాలు లెక్కపెట్టేంత దగ్గరగా, ఈ కన్నుతో ఒక్కసారి చూడాలి. ఫొటో తీయాలి. కోరిక అదొక్కటే. కంటి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే సంఘం మంగళవారం దాన్ని చర్చకు పెడుతుంది.

చిరుతలు తిరిగే సెరెంగెటి అడవికి వెళదామని ఆయనే ప్రతిపాదించాడు. సంఘంలోంచి నలుగురు తేలారు. హార్మెన్, నింకె, పళ్ల డాక్టరుగా రిటైరైన సీట్సె, బడిపంతులమ్మగా రిటైరైన ఆఫ్కె. చిక్కు ఒక్కటే. అడవిలోకి తీసుకెళ్లే చిన్న విమానం మనిషికి పదిహేను కిలోలకు మించి ఒప్పుకోదు. అందులోనే బట్టలు, బూట్లు, మందులు, కెమెరా, లెన్సులు.

శీతాకాలమంతా తూకాల్లోనే గడిచింది. నింకె వంటింటి తక్కెడ హాలుకు తెచ్చింది. ఆఫ్కె తువ్వాలును సగానికి కత్తిరించింది. సీట్సె మూడు చొక్కాలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని విమానం ఎక్కుతానన్నాడు. పళ్లపొడి గొట్టం నలుగురికీ ఒక్కటే చాలని తీర్మానమైంది. సీట్సె వృత్తిరీత్యా అభ్యంతరం చెప్పాడు. అభ్యంతరం నమోదైంది.

నాలుగో సమావేశంలో ఆఫ్కె చెయ్యెత్తింది.

"నలుగురం నాలుగు పెద్ద లెన్సులు మోయడమెందుకు? అందరి కెమెరాలూ ఒకే కంపెనీవి. తలా ఒక లెన్సు తెద్దాం. అన్నీ ఉమ్మడి. వంతులవారీగా వాడుకుందాం."

"పొడుగు లెన్సు ఎవరిది తెద్దాం?" అన్నాడు సీట్సె. అందరూ హార్మెన్ వైపు చూశారు. ఊళ్లో అలాంటిది ఇంకొకటి లేదు.

హార్మెన్ గడియారం చూసుకున్నాడు. కాదనాలంటే కారణం చెప్పాలి. "న్యాయంగానే ఉంది," అన్నాడు.

"నేను పురుగుల లెన్సు తెస్తా," అంది ఆఫ్కె.

"జీపు దిగనివ్వరు కదా. పురుగు ఎక్కడ దొరుకుతుంది?"

"సీట్సె, నీకు సింహాలు ఇష్టం. నాకు పేడపురుగులు ఇష్టం. ఇందులో ఎక్కువా తక్కువా ఉందా?"

కార్యదర్శి పురుగుల లెన్సును జాబితాలో రాసుకున్నాడు. అలా నాలుగు లెన్సులు కుదిరాయి. దూరానికి హార్మెన్ ఆరువందలు, మధ్యరకానికి నింకెది, కొండా ఆకాశం పట్టే వెడల్పు లెన్సు సీట్సెది, చీమ మీసం కనబడే, జానెడు దాటితే ఏదీ తేటపడని పురుగుల లెన్సు ఆఫ్కెది. అరగంటకొకసారి మారాలి. ప్రతి ఒక్కరూ ప్రతి లెన్సూ వాడాలి, లేకపోతే అన్యాయం. వంతుల పట్టిక వేసింది హార్మెనే. మూడు రంగుల్లో వేశాడు, తడవకుండా ప్లాస్టిక్ పొర వేయించాడు. తన వంతులకే మంచి వేళలు పెట్టుకున్నాడని ఎవరూ అనకుండా చీట్లు తీయించాడు.

ఇంటికి నడుస్తూ నింకె అడిగింది. "అన్నయ్యా, ఆ లెన్సు కొన్నది నువ్వు. నాలుగోవంతు తీసుకోవడమేమిటి?"

"సంఘం ఒప్పుకుంది."

"సంఘం ఒప్పుకుంది. నువ్వు ఒప్పుకున్నావా?"

"నేనూ సంఘంలోనే ఉన్నాను కదే."

*

సెరెంగెటిలో వాళ్ల జీపు నడిపిన డ్రైవరు పేరు ఎలీబారికి. ఇరవై రెండేళ్ల అనుభవం. బండెక్కేవాళ్ల చేతిలో లెన్సు చూసి వాళ్లు ఎంత విసిగిస్తారో చెప్పేస్తాడు. వీళ్ల విషయంలో మాత్రం మొదటిరోజు ఏమీ చెప్పలేకపోయాడు. పొడుగు లెన్సు పెట్టుకుని ఏనుగును చూస్తున్న పెద్దమనిషి అరగంట కాగానే దాన్ని విప్పి వెనక సీటుకిచ్చి, పురుగుల లెన్సు తగిలించుకుని అదే ఏనుగును చూడసాగాడు.

"పెద్దాయనా, ఆ లెన్సుతో ఏం కనిపిస్తోంది?"

"ఏమీ కనిపించట్లేదు."

"మరి?"

"ఆరున్నర దాకా ఇదే."

అరగంటకొకసారి నాలుగు కెమెరాలు నోళ్లు తెరిచేవి. ఎండాకాలపు దారి, తెల్లటి దుమ్ము. దుమ్ముకు వంతుల్లేవు, నాలుగింట్లోనూ ఒక్కసారే దూరింది. మూడోరోజుకి ఎవరి ఫొటోలో చూసినా ఆకాశం నిండా ఒకేలాంటి నల్లచుక్కలు. ఆఫ్కె సంతోషించింది. "చూశారా, అందరికీ సమానంగా వచ్చాయి," అంది.

మొదటి మూడు రోజుల్లో హార్మెన్ పొడుగు లెన్సు వంతుల్లో ఒక గుట్ట, నిద్రపోతున్న నీటిగుర్రం వీపు, ఇంకొక జీపు వచ్చాయి. ఆ జీపులోని జర్మన్లు చేతులూపారు. కన్ను మూసి తెరిస్తే మధ్యలో మసక. విమానం ఎక్కిన నాటికన్నా అది రవ్వంత పెద్దదైందేమో అనిపించింది. 

నాలుగోరోజు సాయంత్రం నాలుగూ ఇరవై ఒకటికి ఎలీబారికి బండి ఆపి, ఇంజను కట్టేశాడు.

"కుడివైపు. పచ్చ బెరడు చెట్టు. రెండో కొమ్మ."

చిరుత. కొమ్మ మీద బోర్లా పడుకుని, నాలుగు కాళ్లూ కిందికి వేలాడేసి, వీళ్లకేసే చూస్తోంది. అరవై గజాల దూరం ఉంటుంది. ఎండ ఏటవాలుగా మొహం మీద పడుతోంది.

పొడుగు లెన్సు నింకె చేతిలో ఉంది. నాలుగు నుంచి నాలుగున్నర దాకా ఆమె వంతు. తర్వాత హార్మెన్‌ది. ఈ అరగంట హార్మెన్‌కు పురుగుల లెన్సు.

సీట్సె వెడల్పు లెన్సుతో టకటకా నొక్కాడు. చెట్టు, మైదానం, మబ్బులు బ్రహ్మాండంగా వచ్చాయి. చిరుత నువ్వుగింజంత ఉంది. ఆఫ్కె దగ్గరున్న మధ్యరకంలో చింతగింజంత.

నింకె కెమెరాలోంచి లెన్సు విప్పి అన్న ఒళ్లో పెట్టింది. "తియ్యి. తొందరగా."

హార్మెన్ చొక్కా చెయ్యి లాగాడు. "ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి."

"ఇస్తున్నది నేను కదా! నా వంతు నేను నీకిస్తున్నా."

"వంతులు మార్చుకునే ఏర్పాటు పట్టికలో లేదు. అలా పెడితే ఒకరికొకరు మొహమాటపడతారని నేనే వద్దన్నాను. ఐదో సమావేశంలో."

"అన్నయ్యా, అది నీ లెన్సు!"

"లెన్సు నాది. వంతు నాది కాదు."

ఆయన లెన్సు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. దాని మీంచి చెయ్యి తీయడానికి కాసేపు పట్టింది. మూడు కిలోల బరువు కదా అనుకుంది నింకె.

"పెద్దాయనా," అన్నాడు ఎలీబారికి మెల్లగా, "దాని పొట్ట చూడండి, ఖాళీ. ఇప్పుడో ఇంకాసేపట్లోనో వేటకు దిగిపోతుంది. దానికి మీ కాగితం చదవడం రాదు."

"అయితే నువ్వే తియ్యి నింకె. ఈ సమయం నీది," అన్నాడు హార్మెన్.

"తియ్యను. పెళ్లినాడు నిలబెట్టావు, నిలబడ్డాను. ఇవాళ నిన్ను కూర్చోబెట్టి నేను తీసుకుంటానా? చచ్చినా తియ్యను."

"మొండిదానా."

"నేనా!"

లెన్సు ఆ ఒడిలోంచి ఈ ఒడిలోకి, ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి నాలుగుసార్లు మారింది. సీట్సె నెమ్మదిగా అన్నాడు, "ఇద్దరికీ అక్కర్లేకపోతే, ఒక సూచన..." అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. సీట్సె తన మబ్బుల దగ్గరికి వెళ్లిపోయాడు.

చిరుత ఆవులించింది. కోరలన్నీ కనిపించాయి. లేచి, ముందుకాళ్లు చాపి, కొమ్మకు గోళ్లు రాసుకుంది. హార్మెన్ పురుగుల లెన్సులోంచి చూస్తున్నాడు. అందులో పసుపుపచ్చ మసక. మసకలో ఇంకో మసక కదిలింది. చిరుత తలకిందులుగా జారి గడ్డిలో దూరింది. గడ్డి రెండుసార్లు ఊగి ఆగింది.

నాలుగూ ఇరవై తొమ్మిది.

 నిమిషం గడిచాక హార్మెన్ చెయ్యి చాపాడు. నింకె లెన్సు ఇచ్చింది. ఆయన తగిలించుకుని కొమ్మకేసి పట్టుకుని కూర్చున్నాడు. మూడు నిమిషాల తర్వాత వేరే జీపులు నాలుగు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. ఆ అరగంటలో ఆయనకు దొరికింది ఆ దుమ్మే.

*

రాత్రి భోజనాల దగ్గర, సూపు రాకముందే, అత్యవసర సమావేశం పెట్టారు. చిరుతకు మినహాయింపు ఉండాలని సీట్సె ప్రతిపాదించాడు. చిరుత కనిపిస్తే పట్టిక ఆగిపోవాలి.

"చిరుతకే ఎందుకు?" అంది ఆఫ్కె. "సింహం పిల్లలో?"

"వాటికీ."

"పేడపురుగు ఉండ దొర్లిస్తుంటే?"

"ఆఫ్కె, దయచేసి."

"నేనడిగేది సూత్రం గురించి డాక్టరు గారూ. ఇది ముఖ్యం, అది కాదు అని ఎవరు నిర్ణయిస్తారు? ఒక ఉపసంఘం కావాలి."

"నలుగురిలో ఉపసంఘమా?"

"ఇద్దరితో."

సూపు వచ్చింది, చల్లారింది. కార్యదర్శి కనుక హార్మెన్ అన్నీ రాసుకుంటున్నాడు. నడుమ అక్షరాలు మాయమవుతుంటే కాగితాన్ని పక్కకు జరుపుకుంటున్నాడు. నింకె అది చూసింది. దీపం చాలడం లేదేమో అని లాంతరు ఇటు జరిపింది. పక్క బల్ల మీద తింటున్న ఎలీబారికి చపాతీ తుంచుతూ అడిగాడు, "అమ్మా, మీ ఊళ్లో ఇల్లు తగలబడితే ఏం చేస్తారు?"

"మాది నీళ్లలో ఉన్న ఊరు," అంది నింకె. "మునుగుతాం. అది కూడా అందరం ఒప్పుకున్నాకే."

ఏ తీర్మానమూ కాలేదు. తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు.

*

మర్నాడు ఉదయం ఆరుకి బండి కదలగానే హార్మెన్, "నిన్నటి చెట్టు దగ్గరికి పోనీ," అన్నాడు ఎలీబారికితో.

"అది ఉండదు పెద్దాయనా."

"తెలుసు. పోనీ."

చెట్టు అక్కడే ఉంది. కొమ్మ ఖాళీ. ఎండ అప్పుడే బెరడు మీదికి వచ్చింది. పొడుగు లెన్సు సీట్సె కెమెరాకు ఉంది, ఆరున్నర దాకా ఆయన వంతు.

హార్మెన్ ఆయన వైపు తిరిగి, "నాకివ్వు," అన్నాడు.

సీట్సె అర్థం కానట్టు పట్టిక కోసం చూశాడు. "కానీ ఇప్పుడు..."

"నా కుడి కన్ను పోతోంది. అందుకని. ఇవ్వు."

ఆఫ్కె ముందుకు వంగింది. "హార్మెన్, ఈ సంగతి మాకు ముందే చెప్పి ఉంటే, మనం ఒక..."

"ఆఫ్కె, నోరు మూస్తావా?" అంది నింకె. అన్న మొహం వైపు చూడలేదు. లెన్సు ఆన్చుకోవడానికి విడిదిలో వంటవాళ్లు చిక్కుడుగింజలు పోసి కుట్టిచ్చిన సంచి తీసి కిటికీ అంచున పెట్టి, లెన్సు ఒరిగిపోకుండా చేత్తో గుంట చేసింది.

సీట్సె విప్పి ఇచ్చిన లెన్సును హార్మెన్ తన కెమెరాకు తగిలించి, సంచి మీద ఆనించి కన్ను పెట్టాడు. కొమ్మ వంగి కనిపించింది. నడుమ మసక. లెన్సును కొంచెం కొంచెంగా పక్కకు జరిపాడు. కంటి అంచుకు వచ్చినప్పుడు బెరడు తేటపడింది. నాలుగు గోళ్ల గీతలు, సమానంగా, పక్కపక్కనే. గీతల్లో కారిన జిగురు ఇంకా మెరుస్తోంది. ఒకదాని చివర పసుపుపచ్చ వెంట్రుక ఒకటి చిక్కుకుని గాలికి కదులుతోంది.

ఫొటో తీయలేదు. చూస్తూ కూర్చున్నాడు. ఏడు దాటింది. ఎవరి వంతూ ఎవరూ అడగలేదు.